జాగ్రఫీ మస్టర్లు

గ్రూప్-1 మెయిన్స్‌లో చరిత్రకూ జాగ్రఫీకీ కలిపి ఒకటే పేపర్. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. చరిత్ర పుస్తకం చేతికిస్తే నాకు అన్నం గుర్తుకు రాదు. జాగ్రఫీ పుస్తకం ఇస్తే అన్నం, నిద్ర, ఉతకాల్సిన బట్టలు, ఎప్పుడో బడిలో విడిపోయిన స్నేహితురాళ్ళు, అన్నీ గుర్తుకొస్తాయి. మొదటిసారి మెయిన్స్ రాసినప్పుడు చరిత్ర కష్టపడి సంపాదించిందంతా జాగ్రఫీ కూర్చుని తినేసింది. కాబట్టి రెండోసారికి నా శత్రువు ఎవరో నాకు బాగా తెలుసు.

నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని. బొగ్గు ఊరి పిల్లలకు భూమి గురించి తెలియనిదేముంటుంది అన్నట్టు మాట్లాడుతారు బయటివాళ్ళు. మేం చూసే భూమి వేరు, పుస్తకంలో భూమి వేరు. పుస్తకంలో ఆరు ఋతువులుంటాయి. మా దగ్గర ఎండలు, ఇంకా ఎండలు, కొన్ని వానలు, మిగిలిన రోజుల్లో ఆరేసిన బట్టల మీద నల్ల దుమ్ము. భూకంపాల పాఠం తెరుచుకుని కూర్చుంటే, సరిగ్గా అప్పుడే, పైనుంచి నేలను తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగేది. వంటింట్లో గిన్నెలు గలగలమనేవి, కిటికీ అద్దం వణికేది. మా అమ్మ మాత్రం కత్తిపీట మీంచి తల కూడా ఎత్తకుండా ఉల్లిగడ్డ కోసుకుంటూ పోయేది. రిక్టర్ స్కేలు మీద ఇది ఎంత ఉంటుందో అని నేను ఆలోచిస్తూ కూర్చునేదాన్ని, పాఠం అక్కడే ఆగిపోయేది.

మా నాయిన భూగర్భ గనిలో సపోర్ట్‌మన్. అంటే లోపల పైకప్పు కూలకుండా బోల్టులు, దిమ్మెలు పెట్టి నిలబెట్టే పని. మా వైపు గని అనరు, బాయి అంటారు. ఏళ్ళ తరబడి బాయి దిగి, ఎక్కి, దిగి, ఎక్కి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. దవాఖానలో డాక్టరు చూసి, మెడికల్ బోర్డుకు పోవచ్చని చెప్పాడు. బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే నాయిన ఇంటికొస్తాడు, ఆయన ఉద్యోగం నాకొస్తుంది. బొగ్గుబాయిల ఊళ్ళలో ఇది వింతేమీ కాదు. తండ్రి నౌకరిని, ఆయన ఇంకా చేస్తుండగానే, కొడుకుదో కూతురిదో అని అనుకోవడం అందరికీ అలవాటు. కాకపోతే రిటైర్మెంట్ మరీ దగ్గరపడితే ఆ దారి మూసుకుపోతుంది. మా నాయినకు దీపావళి దాటితే మూసుకుపోతుంది. నా పరీక్ష దసరా అయ్యాక. ఫలితం ఎప్పుడో వచ్చే ఏడు. అంటే నేను పాసయ్యానో లేదో తెలియకముందే, చేతికందిన నౌకరిని తీసుకోవడమో వదులుకోవడమో తేల్చుకోవాలి.

మా క్వార్టర్ల లైన్లో నాకు తప్ప అందరికీ జవాబు తెలుసు. పక్కింటి అవ్వ నేను నీళ్ళకు బయటికొచ్చినప్పుడల్లా అడిగేది.

“ఖాయం నౌకరి ఇడిసిపెట్టి గా పుస్తకాలేంది బిడ్డా?”

మా అమ్మది కూడా అదే పార్టీ. “ఒకపారి రాసి సూసినవ్ కదా. మల్ల గదే జాగ్రఫీనాయె” అనేది. ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే నాకు ఒళ్ళు మండేది.

నాయిన ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ తాగుతూ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

“బాయిల మస్టర్లు నిండకపోతే ఏమైతది?” అని అడిగాడు.

మస్టర్ అంటే హాజరు. పూర్తి షిఫ్టు పని చేస్తే ఒక మస్టర్ పడుతుంది, ఎగ్గొడితే నాగ పడుతుంది. మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

“నౌకరి పోతది” అన్నాను.

“గదే. ఇయ్యాల్టి సంది నీకు మస్టర్. రోజూ ఒక షిఫ్టు నిండ కూసోని జాగ్రఫీ సదివితె ఒక మస్టర్. నడుమల లేస్తె పడదు. దసరా దాక మస్టర్లు నిండితె నేను బోర్డుకు పోను, నువ్వు పరీక్ష రాయి. నాగలు ఎక్కువైతె నేను బోర్డుకు, నువ్వు బాయికి. మల్ల లొల్లి ఉండద్దు.”

అమ్మ నవ్వింది. నాయిన నవ్వలేదు. ఆయన నవ్వకుండా చెప్పాడంటే అది రూలే అని మా ఇంట్లో లెక్క. నాకూ పంతం వచ్చింది, సరే అన్నాను.

ఆ మరునాటి నుంచి మా రెండు గదుల క్వార్టర్ బొగ్గుబాయి అయిపోయింది. నాయినకు వారానికోసారి షిఫ్టు మారుతుంది, కాబట్టి నాకూ మారాలన్నాడు. ఫస్ట్ షిఫ్టు వారం తెల్లవారకముందే నన్ను లేపి తను బాయికి పోయేవాడు. సెకండ్ షిఫ్టు వారం మధ్యాహ్నం అన్నం తినగానే ఎండకు కళ్ళు మూతలు పడుతుంటే కూర్చోవాలి. నైట్ షిఫ్టు వారం వచ్చేసరికి అమ్మ అడ్డుపడింది. “రాత్రంత లైటు నా మొకం మీదనే ఎలుగుతది. నాకు నిద్ర లేకపోతె పొద్దుగాల మీ ఇద్దరికి తిండి ఉండదు. అప్పుడు మీ కంపెనీ ఎట్ల నడుస్తదో సూస్త” అంది. మా కంపెనీలో నైట్ షిఫ్టు ఆ మాటతోనే రద్దయింది.

నాయిన ఇంట్లో లేనప్పుడు నా మీద నిఘా అమ్మది. వచ్చీ రాగానే గుమ్మంలో చెప్పులు విప్పుతూనే “మస్టర్ పడ్డదా?” అని అడిగేవాడు, నన్ను కాదు, అమ్మను. అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. అది నా ఖర్మ. ఒకరోజు నేను రుతుపవనాల పాఠంలో ఉండగా నిజంగానే వాన వచ్చింది. అమ్మ బజారుకు పోయింది. దండెం మీద నాయిన డ్యూటీ బట్టలే ఆరేసి ఉన్నాయి. పరుగెత్తి తీసుకొచ్చి మళ్ళీ కూర్చున్నాను. సాయంత్రం ఆ మాట నా నోటితో నేనే చెప్పాను, మెచ్చుకుంటాడనుకుని.

“నడుమల లేసినవ్. నాగ” అన్నాడు నాయిన.

నాకు మా నాయిన కోపమే వచ్చింది, రంగూ ఆయనదే, కోపమూ ఆయనదే. ఆయన బట్టలు తడవకుండా కాపాడినందుకు నాకు నాగనా అని గొంతెత్తి అరిచాను. ఆ అరుపులకు ఎదురు క్వార్టర్ కాక వచ్చాడు. కాక నాయినతో పాటే బాయిలో చేస్తాడు, ఒక యూనియన్‌లో నాయకుడు. ఎక్కడ ఇద్దరు గట్టిగా మాట్లాడుకున్నా అక్కడ చర్చలు జరపాలని ఆయనకు అనిపిస్తుంది. సంగతంతా విని, కుర్చీ లాక్కుని నా పక్కన వేసుకుని కూర్చున్నాడు. అంటే కార్మికుల పక్షం.

“అన్నా, గిది కార్మికురాలి మీద కక్ష సాధింపు. వాన మేనేజ్‌మెంట్ తప్పా, వర్కర్ తప్పా?”

“వాన సంగతి నాకు తెల్వది. సీటు ఇడిసిపెట్టింది.”

“బాయిలకు నీళ్ళొస్తె మన మస్టర్ కట్ జేస్తరానె? జేస్తె నువ్వు ఊకుంటవా?”

“ఊకోను” అని నాయిన ఒప్పుకోవాల్సి వచ్చింది. కాక అదే అదనుగా డిమాండ్లు మొదలుపెట్టాడు. షిఫ్టు మధ్యలో చాయ్‌కి విరామం. బతుకమ్మకు జీతంతో కూడిన సెలవు, అంటే చదవకున్నా మస్టర్ పడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ప్లే డే. ఆదివారం సెలవునాడు డ్యూటీ చేస్తే మా దగ్గర దాన్ని ప్లే డే అంటారు, జీతం రెట్టింపు. కాబట్టి నేను ఆదివారం చదివితే రెండు మస్టర్లు పడాలని కాక పట్టుబట్టాడు. డబల్ మస్టర్ ఇస్తే కంపెనీ మునుగుతదని నాయిన. వంటింట్లోంచి అమ్మ మిరపకాయ బజ్జీలు తెచ్చి మధ్యలో పెట్టి, “తినుకుంట కొట్లాడున్రి” అంది. బజ్జీలు అయిపోయేసరికి అన్ని డిమాండ్లూ నెగ్గాయి. వాననాటి నాగ కూడా మాఫీ అయింది. ఆ సాయంత్రం నేను నవ్వినంత నవ్వు ఆ ఏడాది మళ్ళీ నవ్వలేదు.

ఇదంతా వేళాకోళంగా ఉన్నా పని మాత్రం జరిగింది. రోజూ ఒకే చోట ఒకే పుస్తకం ముందు కట్టేసినట్టు కూర్చుంటే ఎంత పగవాడైనా కొంత పరిచయమవుతాడు. నేలలు, నదులు, పంటలు ఒక్కొక్కటే దారికొచ్చాయి. మొక్కుబడిగా కంఠస్థం చేయడం మానేసి, ఇది ఎందుకిట్లా ఉంది అని అడగడం మొదలుపెట్టాను. ఇంక జాగ్రఫీ నాకు లొంగినట్టే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే పరువు పోయింది.

నాతో పాటు పరీక్షకు చదివే స్నేహితురాలు ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న గనుల్లో ఇంజనీరు, కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తను పుట్టింది మాత్రం నేను పుట్టిన దవాఖానలోనే. పదో తరగతి దాకా ఒకే బెంచీ. కళ్ళు మూసుకుని భారతదేశం పటం గీయగలదు, అది నాకు అసూయ. వారానికోసారి వాళ్ళ ఇంటి వరండాలో కూర్చుని ఒకరికొకరం ప్రశ్నలిచ్చుకుని, జవాబులు రాసి, మార్చుకుని దిద్దుకునేవాళ్ళం. ఆ వారం తను నాకిచ్చిన ప్రశ్న, మీ ప్రాంతంలోని భూస్వరూపాలను ఉదాహరణలతో వర్ణించండి.

నేను చెలరేగిపోయాను. గోదావరి లోయ, ఇసుకరాయి, మైదానం అన్నీ రాసి, చివర్లో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఉదాహరణ ఇచ్చాను. కమాన్‌పూర్ వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయే దారిలో ఒక గుట్ట ఉంటుంది. పైన చదును, పక్కలు మెట్లు మెట్లుగా దిగుతాయి. చుట్టూ ఉన్న మెత్తటి నేల వేల ఏళ్ళుగా కోతకు గురై పోగా, గట్టిగా ఉన్న భాగం నిలిచి మిగిలిన అవశిష్ట కొండ ఇది అని రాశాను. కింద బొమ్మ కూడా గీశాను.

తను చదువుతూ చదువుతూ ఆగింది. “ఏ గుట్టే ఇది?”

చెప్పాను. తను పేపర్ కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మగారు లోపలి నుంచి ఏమైందని వచ్చి చూసేంత నవ్వు.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అది కొండ కాదే, ఓపెన్‌కాస్ట్‌లోంచి తీసి పోసిన మట్టి కుప్ప. మా నాన్న ఇక్కడికొచ్చిన కొత్తలో డ్యూటీ చేసింది అక్కడే. లారీలతో వరసలు వరసలుగా పోస్తారు కాబట్టి మెట్లుంటాయి. వేల ఏళ్ళ కోతంట, వేల ఏళ్ళు.”

“చెట్లున్నయి కదా దాని మీద” అన్నాను.

“నాటారు. మట్టి జారకుండా.”

నేను నమ్మలేదు. గనుల పక్కన పెరిగినదాన్ని, మట్టి కుప్ప అంటే తెలియకపోవడమేమిటి? కొత్తగా పోస్తున్న కుప్పలు నాకూ తెలుసు, బూడిద రంగులో, గడ్డిపోచ కూడా లేకుండా ఉంటాయి. ఇది అట్లాంటిది కాదు. నేను పుట్టకముందు నుంచి ఉంది. మేకలు మేస్తాయి. పైన ఎవరో ఒక రాయికి పసుపు రాసి పూజ కూడా చేస్తారు. ఊరంతా గుట్ట అనే అంటుంది. గుట్ట కాదని మా అమ్మ చెప్తే అప్పుడు ఒప్పుకుంటానని విసురుగా లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ సర్వపిండి చేస్తోంది. గిన్నె అడుగున పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెడుతోంది. అడిగాను.

“గది గుట్ట కాదు బిడ్డా” అంది అమ్మ, వేలు ఆపకుండానే. “మా పాత ఊరి మట్టి. ఊరి కింద బొగ్గున్నదని తవ్విన్రు. మీద మట్టి యాడ్నో పొయ్యాలె కదా, గాడ పోసిన్రు. మా మిరపచేను, మా చేదబాయి, బడి, అన్ని గందుల్నే ఉన్నయి.”

అమ్మమ్మ వాళ్ళు ఉండే చోటును అందరూ కాలనీ అనేవాళ్ళు. ఇళ్ళన్నీ ఒకే వరసలో, ఒకే రకంగా ఉండేవి. అంతకుముందు వాళ్ళకు ఇంకో ఊరు ఉండి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. సెలవుల్లో ఆ దారిలో బస్సు కిటికీలోంచి ఆ గుట్టను చూసి చేతులూపేదాన్ని. పక్క సీట్లో అమ్మ ఉండేది.

“ఇన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే?” అని అమ్మ మీద అరిచాను.

“నువ్వు అడిగినవా? చెప్తె మార్కులేస్తరా?” అని అమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు. “ఏడ్సుకుంట కూసుంటె మస్టర్ పడదు, లెవ్వు” అంది.

మంచం మీద పడుకుని వింటున్న నాయిన, వచ్చే ఆదివారం అందరం అక్కడికి పోదామన్నాడు. జాగ్రఫీ పనే కాబట్టి ప్లే డే కింద లెక్క, రెండు మస్టర్లు అని తనే ముందుగా ప్రకటించాడు. తన గెలుపు కళ్ళారా చూసుకోవాలని నా స్నేహితురాలు కూడా పులిహోర డబ్బాతో తయారైంది. నలుగురం బస్సు దిగి, మేకల దారి పట్టుకుని నడిచాం. అమ్మ చీరకుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని అందరికంటే ముందు ఎక్కింది. మా అమ్మ అంత వేగంగా నడవడం నేను బజారులో కూడా చూడలేదు.

పైనుంచి చూస్తే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, దూరంగా గోదావరి తెల్లటి గీత, ఇవతల ఓపెన్‌కాస్ట్ గుంత. అమ్మ ఆ గుంత వైపు చెయ్యి చాచింది. కానీ నేలను చూపించడం లేదు. గుంత మీద ఖాళీగా ఉన్న చోటు చూపిస్తోంది.

“గా గాలున్న కాడ మా ఇల్లుండె. గీ పక్కకు బడి. గటు పోతె మా మేనత్తోల్లది.”

గాలిలో వేలు పెట్టి ఒక్కో ఇల్లూ చెప్పుకుంటూ పోయింది. ఎవరింట్లో చింతచెట్టు, ఎవరిది గొడవల ఇల్లు, ఎక్కడ బతుకమ్మ ఆడేవాళ్ళు. నేను పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంటూ పోయాను. నా స్నేహితురాలు నవ్వడం మర్చిపోయి, అమ్మ చెప్పిన ఊరికి పటం గీసింది. ఆ తర్వాత కింద కనిపిస్తున్న మెట్లను చూపించి, పటంలో ఎత్తులు చూపించే సమోన్నత రేఖలంటే ఇవే అనుకో, ఒక్కో మెట్టు అంచు ఒక్కో గీత అని చెప్పింది. అన్నేళ్ళుగా నాకు ఎక్కని పాఠం ఆ ఒక్క ముక్కతో ఎక్కింది. నాకు చాలా సంతోషమేసి, అది నాయినకు చెబుదామని వెనక్కి తిరిగితే నాయిన లేడు.

కిందికి దిగి చూస్తే మొదటి మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్ళూ చేతులతో పట్టుకుని ఉన్నాడు. “నువ్వు పో, నేను జర గాలి తింటున్న” అన్నాడు. లేవబోయి, పక్కనున్న మొక్కను పట్టుకుని, మళ్ళీ కూర్చుండిపోయాడు. మోకాళ్ళు బాగోలేవని నాకు తెలుసు. లేవలేనంతగా బాగోలేవని తెలియదు. నేను ఇంట్లో చాప మీద కూర్చుని నవ్వుకుంటూ మస్టర్లు నింపుకుంటుంటే, ఆయన ఈ మోకాళ్ళతో రోజూ బాయి దిగుతున్నాడు. బోర్డుకు పోతే ఎప్పుడో ఇంట్లో కూర్చునేవాడు. నా కోసం పోలేదు.

“నాయినా, బోర్డుకు పో. నౌకరి నేను తీసుకుంట. పరీక్ష మల్లెప్పుడన్న రాస్త” అన్నాను.

“మస్టర్లు నిండుతున్న వర్కర్‌ను ఏ కంపెనీ ఇంటికి పంపది” అన్నాడు.

“నవ్వులాట బంద్ చెయ్యి. లేవస్తలేదు నీకు.”

“నాకు లేవస్తదో రాదో నువ్వు చెప్తవా?”

ఇద్దరం గొంతులు పెంచాం. ఇద్దరిదీ ఒకే కోపం కాబట్టి ఎవరూ తగ్గరు. మేకలు మేయడం ఆపి చూశాయి. చివరికి పైనుంచి అమ్మ దిగి వచ్చింది.

“ఇద్దరు నోర్లు ముయ్యిన్రి” అంది. “పిల్ల పరీక్ష రాస్తది. నేను మాట్లాడుతుంటె గంటసేపు నోరు మూసుకోని రాసుకున్నది. గంత మనసు వెట్టి సదివేదాన్ని బాయిల దించుతమా? నువ్వు బోర్డుకూ పోవు, కిందికీ దిగవు. మీద డ్యూటీ అడుగు.”

అప్పటిదాకా ఖాయం నౌకరి అన్న మా అమ్మ పార్టీ మారింది ఆ మెట్టు మీదే. నాయిన ముఖం మాడిపోయింది. భూగర్భంలో చేసేవాళ్ళకు మీద డ్యూటీ అంటే చిన్నచూపు. ఉపరితలం మీద కూర్చుని చేసేవాళ్ళను నీడపట్టు నౌకర్లని జోకులేసేవాళ్ళలో మా నాయినది పెద్ద గొంతు. బస్సులో ఇంటికొచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. రెండు రోజులు అన్నం పళ్ళెం పట్టుకుపోయి వాకిట్లో తిన్నాడు. మూడో రోజు కాకను పిలిచి, “మేనేజర్ దగ్గరికి పోదాం పా” అన్నాడు. డాక్టరు కాగితం ఉంది, కాక నోరు ఉంది, పని అయింది. నాయినను లాంప్ రూంలో వేశారు. దిగేవాళ్ళకు తలకు పెట్టుకునే లైట్లు ఇవ్వడం, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకుని చార్జింగ్‌కు పెట్టడం.

మొదటిరోజు తన బ్యాచ్ వాళ్ళకే లైట్లిచ్చాడు. “అన్నా, మంచిది సూసి ఇయ్యి” అని ఒక్కొక్కడూ ఆటపట్టించాడట. ఇంటికొచ్చి అమ్మ మీద చిరాకుపడ్డాడు. వారం గడిచేసరికి, లైటు బెల్టు సరిగ్గా చుట్టకుండా తిరిగిచ్చేవాళ్ళను నిలబెట్టి మందలించడం మొదలుపెట్టాడని కాక చెప్పాడు. నా మీద చూపించిన రూల్సన్నీ ఇప్పుడు వాళ్ళ మీద. మా నాయిన కుదురుకున్నాడని అప్పుడు నాకు నమ్మకం కలిగింది. మోకాళ్ళ వాపు కూడా కొంత తగ్గింది.

దసరా నాటికి మస్టర్లు నిండాయి, బతుకమ్మ సెలవులతో కలిపి. హైదరాబాదు పోయి పరీక్ష రాశాను. ఆ మట్టి గుట్ట మీద ప్రశ్న వస్తుందని మా ఇంట్లో అందరూ గట్టిగా నమ్మారు. రాలేదు. రుతుపవనాలొచ్చాయి, నదులొచ్చాయి, నేలలొచ్చాయి. పేపర్ పెట్టినవాళ్ళకు బుద్ధి లేదని అమ్మ ఫోన్లోనే తిట్టింది. నేను నేలల ప్రశ్నలో ఆ గుట్ట గురించి ఒక వాక్యం ఇరికించానని చెప్పాక శాంతించింది. భయపడుతూ రాయలేదు, అది నాకు గుర్తుంది. దీపావళి వచ్చింది, పోయింది. బోర్డు దారి మూసుకుపోయింది. ఆ సాయంత్రం నాయిన లేవాల్సిన పని లేకుండా దీపాలన్నీ నేనే పెట్టాను. వదులుకున్నది నా ఒక్కదాని నౌకరి కాదు, ఆయన విశ్రాంతి కూడా అని నాకు తెలుసు.

ఫలితాలు మరుసటి ఏడు వచ్చాయి. నాకు ఉద్యోగం వచ్చింది. నా స్నేహితురాలికీ వచ్చింది, నాకంటే మంచి ర్యాంకుతో. తను ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు మా అవశిష్ట కొండ క్షేమసమాచారాలే అడుగుతుంది. కాక మా గుమ్మం ముందు టపాకాయల పేట కాల్చాడు. అమ్మ లైను మొత్తానికి పరమాన్నం వండింది. నియామకపు ఉత్తర్వు చేతికొచ్చిన రోజు నాయిన పక్కన కూర్చుని చెప్పాను. ఇంక డ్యూటీ మానెయ్, కొద్దిరోజుల సర్వీసే కదా, నా జీతం వస్తది, మోకాళ్ళకు విశ్రాంతి ఇయ్యి అన్నాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “సూద్దాం తీ” అన్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

మరునాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటూ గుమ్మంలో నిలబడితే, నాయిన డ్యూటీ బట్టల్లో బండి బయటికి తీస్తున్నాడు. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించి ఉంది. పక్కింటి అవ్వ చీపురు పట్టుకుని వాకిట్లో ఉంది.

“బిడ్డకు నౌకరాయె. ఇంక ఎవలి కోసం పోతున్నవ్ రా?” అని అడిగింది.

నాయిన బండి స్టాండ్ తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

“ఇన్నేండ్లు దాని నౌకరి అనే చేసిన అవ్వా. జరమొచ్చినా బాయి దిగిన, బిడ్డ నౌకరి ఖరాబైతదని. ఇప్పుడు దానిది దానికి దొరికింది. ఉన్నన్ని దినాలు దీన్ని నా నౌకరి అని చేసుకుంట.”

బండి స్టార్ట్ చేసుకుని లాంప్ రూంకు పోయాడు. అవ్వకు ఎంత అర్థమైందో తెలియదు, మళ్ళీ ఊడ్చుకోవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం నోట్లో బ్రష్ ఉండగానే ఏడుపొచ్చింది.